ఎఫ్‌క్లోజ్ ఏం తిరిగిచ్చిందో చూడాలా, అక్కర్లేదా?

రాత్రిషిఫ్టు: మొన్న నా సి ప్రోగ్రాం కోడ్ రివ్యూలో గొడవ. ఫైల్లోకి రాసే ప్రతి ఎఫ్‌ప్రింట్‌ఎఫ్‌కీ రిటర్న్ వాల్యూ (అది తిరిగిచ్చే ఫలితం) చూశాను, ఫైలు మూసే ఎఫ్‌క్లోజ్‌ని మాత్రం ఊరికే పిలిచి వదిలేశాను. మా సీనియర్ అక్కడే ఆపేశారు. మూసేటప్పుడు కూడా ఫెయిలవుతుందా? ఇది చాదస్తం కాదా?

బఫర్‌బాబాయ్: కాదు తమ్ముడూ. ఎఫ్‌ప్రింట్‌ఎఫ్ సరే అందంటే నీ డేటా డిస్కుకి చేరినట్టు కాదు, లైబ్రరీ బఫర్‌లో, అంటే మెమరీలో తాత్కాలికంగా దాచే చోట పడిందంతే. అది నిండినప్పుడో, దాన్ని ఖాళీ చేసే ఎఫ్‌ఫ్లష్ పిలిచినప్పుడో, మూసేటప్పుడో బయటికెళ్తుంది. చిన్న ఫైలైతే అసలు రాతంతా ఎఫ్‌క్లోజ్‌లోనే, కాబట్టి డిస్కు నిండిందని తెలిసేదీ అక్కడే. లైనక్స్‌లో /డెవ్/ఫుల్ అని ఒక ఉత్తుత్తి ఫైలుంది, రాయబోతే ఎప్పుడూ చోటు లేదంటుంది. దాన్ని తెరిచి ఒక్క లైను రాయి. ఎఫ్‌ఓపెన్ బాగానే ఉంటుంది, ఎఫ్‌ప్రింట్‌ఎఫ్ ఎన్ని అక్షరాలో లెక్క కూడా చెబుతుంది, చివరికి ఎఫ్‌క్లోజ్ ఈఓఎఫ్ ఇస్తుంది, అంటే ఫెయిలైందని. వెంటనే ఎర్రర్ మెసేజ్ చూపే పీఎర్రర్ పెట్టు, కారణం కనిపిస్తుంది.

సూటిమాట: సరే బాబాయ్, తెలిశాక ఏం చేస్తారు? మళ్లీ ఎఫ్‌క్లోజ్ పిలవకూడదు, ఫెయిలైనా ఆ స్ట్రీమ్ (తెరిచిన ఫైలుతో ఉన్న లింకు) పోయినట్టే. చదివే ఫైళ్లకి కూడా ఇదే రూలంటే కోడంతా ఇఫ్‌లే.

పాతకోడ్_పద్మ: చదివే ఫైళ్లకి వదిలేయండి, ఒప్పుకుంటా. రాసేవాటికి మాత్రం కుదరదండీ. నేను ఇంతకుముందు పనిచేసిన చోట పాత ఫైలు మీదే కొత్తది రాసేవాళ్లం. ఒకరోజు డిస్కు నిండింది, పాతది పోయింది, కొత్తది సున్నా బైట్లు, ప్రోగ్రామేమో "సేవ్ అయింది" అని నవ్వుతూ చెప్పింది! అప్పట్నుంచి వేరే పేరుతో రాసి, ఎఫ్‌క్లోజ్ సున్నా (అంటే సక్సెస్) ఇస్తేనే రీనేమ్ చేస్తున్నాం. తెలిశాక ఏం చేయాలంటే ఇదే, పాత ఫైలు జోలికి పోకుండా ఆగిపోవడం.

సూటిమాట: సున్నా వచ్చినా డేటా కెర్నెల్ కాష్‌లోనే, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మెమరీలోనే ఉండొచ్చు కదా మేడమ్, కరెంటు పోతే?

బఫర్‌బాబాయ్: దానికి ఎఫ్‌ఫ్లష్, డేటాని డిస్కు దాకా పంపే ఎఫ్‌సింక్, ఆ తర్వాత ఎఫ్‌క్లోజ్. అది వేరే జబ్బు, దాన్ని చూపించి దీనికి మందు మానేస్తావా? అన్నట్టు ఫైళ్ల జాబితా చూపే గ్నూ వాళ్ల ఎల్‌ఎస్ కమాండ్ కూడా తన అవుట్‌పుట్ మూసేటప్పుడు చూసుకుంటుంది. ఎల్‌ఎస్ > /డెవ్/ఫుల్ కొట్టి, దాని అవుట్‌పుట్‌ని ఆ ఫైల్లోకి పంపి చూడు.

రాత్రిషిఫ్టు: రెండూ కొట్టాను. ఎల్‌ఎస్ చోటు లేదని తిట్టింది, నా ప్రోగ్రాం మాత్రం "రిపోర్ట్ రెడీ" అంది. మార్చేస్తున్నా. చదివే ఫైళ్ల దగ్గర మాత్రం రేపు సీనియర్‌తో వాదిస్తా.