చీపురు చూస్తే వణికిపోతున్న కుక్కను మచ్చిక చేసుకోవడం ఎలా?

ప్రశ్న: హైదరాబాదులోని ఒక జంతు సంరక్షణ కేంద్రం నుంచి 12 రోజుల క్రితం ఒక ఆడ ఊరకుక్కను తెచ్చుకున్నాము. మెడ చుట్టూ తాడు ఒరుసుకుపోయిన మచ్చ ఉంది, అక్కడ వెంట్రుకలు మొలవలేదు. మా అత్తగారు చీపురు తీస్తే చాలు, మంచం కిందికి దూరి వణుకుతూ అక్కడే మూత్రం పోసేస్తుంది. నేను పెడితే తింటుంది గాని, మావారు గదిలో ఉంటే గిన్నె ముట్టదు. మా పెంపకంలో ఏమైనా లోపం ఉందా?

జవాబు: లోపం మీది కాదండి. మంచం కింద నుంచి దాన్ని ఎన్నడూ బయటికి లాగకండి, ప్రస్తుతానికి అదే దాని ఇల్లు. మూత్రం పోసినందుకు కసరడం అసలే వద్దు, అది భయం. మీవారిని నేల మీద పక్కకు తిరిగి కూర్చుని, దాని కళ్లలోకి చూడకుండా, ఉప్పుకారాలు లేకుండా ఉడికించిన కోడిమాంసం ముక్కలను దూరంగా వేసి ఊరుకోమనండి. తల మీదికి చేయి చాపితే కొట్టబోతున్నారనుకుంటుంది కాబట్టి, అదే దగ్గరకు వచ్చి వాసన చూసేదాకా ఆగాలి. మా కుక్కకు నాలుగు నెలలు పట్టింది.

జవాబు: మెడపట్టీ బదులు ఛాతీకి తొడిగే పట్టీ వాడండి. నొప్పి ఉన్నా కుక్కలు ముడుచుకుపోతాయి కనుక పశువైద్యునికి పళ్లు, కీళ్లు చూపించి, పిడుదుల జ్వరానికి రక్తపరీక్ష చేయించండి. రేబిస్ టీకా కాగితాలు కేంద్రం వారినే అడగండి.

ప్రశ్న అడిగినవారు: కృతజ్ఞతలండి. ఈ రోజు మావారు వేసిన ముక్కను, ఆయన పక్క గదిలోకి వెళ్లాక తిన్నది.