జీతం పెరిగాక ఇచ్చే చెయ్యి ఎందుకు బిగుసుకుపోతోంది?

ప్రశ్న:
అందరికీ వందనాలు. చాలా రోజులుగా మనసును తొలిచేస్తున్న విషయం ఇది. జీతం తక్కువున్న రోజుల్లో ఎవరైనా అవసరమని వస్తే జేబులో ఉన్నది తీసి ఇచ్చేసేవాడిని, మళ్ళీ దాని గురించి ఆలోచించేవాడిని కూడా కాదు. ఇప్పుడు ఆదాయం నాలుగింతలైంది, దశమభాగం (ఆదాయంలో పదో వంతు) చర్చికి క్రమం తప్పకుండా ఇస్తున్నాను, కానీ ఆ తర్వాత ఎవరైనా అడిగితే "ఇవ్వాల్సింది ఇచ్చేశాను కదా" అనే మాటే ముందు వస్తోంది. నిన్న మార్కు సువార్త 10వ అధ్యాయం చదువుతూ, యేసు ఉన్నదంతా అమ్మి బీదలకిమ్మంటే దిగులుగా వెళ్ళిపోయిన మనిషి దగ్గర ఆగిపోయాను. పిల్లల చదువుకు, ముసలితనానికి దాచుకోవడం తప్పా? అది ఎప్పుడు ధనాపేక్షగా మారుతుందో ఎలా తెలుస్తుంది?

జవాబు 1:
బ్రదర్, దాచుకోవడం పాపం కాదు. తన ఇంటివారిని చూసుకోనివాడు అవిశ్వాసికన్నా చెడ్డవాడని పౌలే తిమోతికి రాశాడు. పన్నులు వసూలు చేసే జక్కయ్య బీదలకు సగం ఆస్తి ఇస్తానంటే మిగతా సగం ఏదని యేసు అడగలేదు. పొలం అమ్మిన డబ్బులో కొంత దాచుకుని, అంతా ఇచ్చినట్టు చూపించిన అననీయతో పేతురు కూడా, పొలం అమ్మకముందు నీదే కదా, అమ్మాక ఆ డబ్బూ నీ చేతిలోదే కదా అంటాడు, అతను పట్టుబడింది అబద్ధంలో. టెన్షన్ పడకండి.

జవాబు 2:
పైన చెప్పినవి నిజమే, కానీ అంత తొందరగా ఊరట పడొద్దండి. జక్కయ్య సగం ఇచ్చి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు, అవి రెండూ పోయాక ఏం మిగిలి ఉంటుందో చూడండి. లూకా 16లో ధనవంతుడు దొంగతనం చేశాడని గానీ బిచ్చగాడైన లాజరును తిట్టాడని గానీ ఎక్కడా లేదు, వాకిట్లో పడున్నవాడు రోజూ ఉన్నా తన విందు తాను చేసుకున్నాడు, అంతే. లూకా 12లో పంట పండినవాడు నా పంట, నా కొట్లు, నా ధాన్యం అని తనలో తానే మాట్లాడుకుంటాడు, ఆ లెక్కలో ఇంకో మనిషే లేడు. నాలుగో శతాబ్దంలో కప్పదొకియలోని కైసరయ బిషప్ బాసిల్ ఈ భాగం మీదే ప్రసంగిస్తూ, నువ్వు దాచిన రొట్టె ఆకలిగొన్నవాడిదని మొహం మీదే అన్నాడు. కరువులో జనానికి తిండి పెట్టించి, రోగులకూ బీదలకూ ఆశ్రయం కట్టించిన మనిషి కాబట్టి ఆయనకు ఆ మాట అనే హక్కుంది.

ఎలా తెలుస్తుందంటే, నాకు మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ చెప్పిన లెక్క గుర్తొస్తుంది. 30 పౌండ్లు వచ్చిన ఏడు 28తో బతికి 2 ఇచ్చాడు, మరుసటి ఏడు 60 వస్తే మళ్ళీ 28తోనే బతికి 32 ఇచ్చేశాడు. మీ ఆదాయం నాలుగింతలైనప్పుడు ఖర్చు ఎన్నింతలైంది?

జవాబు 3:
నేను పుచ్చుకున్న వైపు నుంచి చెబుతాను. నాన్న పోయాక మా ఇల్లు కొన్నేళ్లు విశ్వాసుల సాయంతోనే గడిచింది. ఆరాధన అయ్యాక అందరి ముందూ నిలబెట్టి ఇచ్చేవారు కొందరు, అమ్మ కవరు తీసుకుని ఇంటికి చేరేదాకా తలెత్తేది కాదు. ఒకరు మాత్రం మా ఫీజులు కట్టేసేవారు, ఎవరో మాకు ఈరోజుకీ తెలియదు. అప్పిచ్చినవాడు తాకట్టు కోసం బీదవాడి ఇంట్లోకి వెళ్ళకూడదు, బయటే నిలబడాలి అని ద్వితీయోపదేశకాండం 24లో ఉంది. అది చదివినప్పుడల్లా అమ్మే గుర్తొస్తుంది. బ్రదర్, ఎంత ఇవ్వాలో తర్వాత చూద్దురు, అడిగినవాళ్ళు మీ దగ్గర్నుంచి ఎలా వెళ్తున్నారు?

ప్రశ్న అడిగినవారు:
రాత్రి నేనూ మా ఆవిడా కూర్చుని లెక్క వేశాం. పొదుపు పెద్దగా పెరగలేదు, పెరిగిందంతా మా ఖర్చే. పిల్లల చదువని పైన రాశాను, అది పూర్తి నిజం కాదు. రెండు నెలల కిందట సాయం అడిగిన ఒకాయనకు చూద్దామని చెప్పి ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు. ఆయన అవసరం ఈపాటికి దాటిపోయి ఉండొచ్చు, అయినా ఈరోజు నేనే ఫోన్ చేస్తాను. ఏమని మొదలుపెట్టాలో మాత్రం ఇంకా తెలియట్లేదు.