అమెరికాలో 'చెక్' అంటే ఏ చెక్? కొత్తగా వచ్చినవాళ్ల కోసం

ప్రశ్న (ఇర్వింగ్ నుంచి)

అందరికీ నమస్కారం. ఈమధ్యే గుంటూరు నుంచి డల్లాస్ వైపు వచ్చాను. ఇంగ్లిష్ చదవడం, రాయడం బాగానే వచ్చు. కానీ ఇక్కడ అందరి నోటా 'చెక్' అనే మాటే వింటున్నాను, ఒక్కొక్కరు ఒక్కో అర్థంలో అంటున్నారు. హెచ్ఆర్ వాళ్లు వాయిడ్ చెక్ పంపమన్నారు. అపార్ట్‌మెంట్ ఆఫీసులో క్రెడిట్ చెక్ అయ్యాక డిపాజిట్‌కి క్యాషియర్స్ చెక్ తెమ్మన్నారు, పర్సనల్ చెక్ తీసుకోరట. మేనేజర్ సోమవారం 'చెక్ ఇన్' చేద్దామన్నారు. టీమ్‌లో ఒకావిడని లంచ్‌కి పిలిస్తే 'రెయిన్ చెక్' అన్నారు. నేను ఎక్కడ ఏ మాట వాడాలో కూడా తెలియడం లేదు. కాస్త చెప్తారా?

జవాబు (ప్లేనో నుంచి)

తమ్ముడూ, చిన్నవాడివనుకుని 'నువ్వు' అంటున్నాను. ఈ మాట మనకి కొత్తేమీ కాదు. బ్యాంకు చెక్కు తెలుసు, చొక్కా మీద చెక్స్ తెలుసు, 'ప్రత్యర్థికి చెక్' అనే హెడ్డింగులు పేపర్లో చదువుతూ పెరిగాం. పుట్టింది చదరంగంలో. పారసీకంలో షా అంటే రాజు. రాజుకు ముప్పు వచ్చిందని చెప్పే ఆ మాటే ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చింది. అక్కడి నుంచి అడ్డుకోవడం, ఆపి చూడడం, సరిచూడడం అనే అర్థాలు వచ్చి, చివరికి లెక్క సరిచూసుకునే కాగితానికి కూడా అదే పేరు పడింది. మనం నేర్చుకున్న బ్రిటిష్ పద్ధతిలో బ్యాంకు చెక్కుకి స్పెల్లింగ్ వేరు. ఇక్కడ అన్నిటికీ ఒకటే. అందుకని దాని పక్కనున్న మాటని పట్టుకోవాలి.

ముందు డబ్బు సంగతి, నష్టపోయేది అక్కడే కాబట్టి. వాయిడ్ చెక్ అంటే చెక్కు మీద అడ్డంగా, పెద్ద అక్షరాలతో 'వాయిడ్' అని రాసివ్వడం. సంతకం పెట్టకు. కింద ఉండే, బ్యాంకుని గుర్తించే 9 అంకెల రౌటింగ్ నంబరూ, ఖాతా నంబరూ కోసమే దాన్ని అడుగుతారు, జీతం నేరుగా ఖాతాలో వేయడానికి. చెక్కుబుక్కు లేకపోతే బ్యాంకు యాప్‌లో డైరెక్ట్ డిపాజిట్ ఫారం ఉంటుంది, అది సరిపోతుందేమో హెచ్ఆర్‌ని అడుగు. క్రెడిట్ చెక్ అంటే నువ్వు అప్పులూ బిల్లులూ సరిగా కట్టేవాడివేనా అని రికార్డు చూడడం. క్యాషియర్స్ చెక్ దాదాపు మన డీడీయే. బ్యాంకు నీ దగ్గర డబ్బు ముందే తీసుకుని తన తరఫున రాసిస్తుంది, అందుకే అపార్ట్‌మెంట్ వాళ్లకి దాని మీద నమ్మకం. పర్సనల్ చెక్ నీ ఖాతాలో డబ్బుంటేనే చెల్లుతుంది.

తేదీ రాసేటప్పుడు నెల ముందు రాయాలి. 05/06 అంటే మే 6. ఇంకో ముఖ్యమైన తేడా ఉంది. మన దగ్గర పోస్ట్ డేటెడ్ చెక్కు ఇస్తే ఆ తేదీ దాకా బ్యాంకు డబ్బివ్వదు. ఇక్కడ ఆ ధీమా పెట్టుకోకు. నువ్వు ముందుగా బ్యాంకుకి నోటీసు ఇవ్వకపోతే, తేదీ రాకపోయినా ఆ చెక్కు పాస్ చేయవచ్చు. వచ్చే నెల అద్దెకి ఇప్పుడే చెక్కు రాసిచ్చావంటే, ఇప్పుడే ఖాతాలో ఆ డబ్బుండాలి.

ఇక ఆఫీసు. మనవాళ్లం దేనికైనా 'ఐ విల్ చెక్' అనేస్తాం. నువ్వు ఏం చేస్తానని ఒప్పుకున్నావో అవతలివాళ్లకి అర్థం కాదు, రెండు రోజుల తర్వాత ఇంకేదో ఆశించి అడుగుతారు. నా మాట విని క్రియ మార్చి చూడు. కారణం తెలియని సమస్యని తవ్వాలంటే 'లుక్ ఇంటు'. ఎవరో రాసింది చదివి అభిప్రాయం చెప్పాలంటే 'రివ్యూ'. ఆధారం చూసి నిజమో కాదో తేల్చాలంటే 'వెరిఫై'. నలుగురితో అనుకున్నది ఖాయమేనా అని తెలుసుకోవాలంటే 'కన్ఫర్మ్'. నువ్వు ఒక్కడివే తేల్చలేనిదైతే 'లెట్ మీ చెక్ విత్' అని ఆ మనిషి పేరు చెప్పు, అది చాలా మంచి వాడుక. 'చెక్ అండ్ రివర్ట్' మాత్రం మానెయ్యి. ఇక్కడ రివర్ట్ అంటే పాత స్థితికి పోవడం, సాఫ్ట్‌వేర్ టీమ్‌లో అయితే చేసిన మార్పుని వెనక్కి తీసేయడం. 'ఐ విల్ గెట్ బ్యాక్ టు యు' అను.

మేనేజర్ 'చెక్ ఇన్' అన్నది పని ఎలా సాగుతోందో కాసేపు మాట్లాడుకోవడానికి. అది తనిఖీ కాదు, టెన్షన్ పడకు. ఏం అయింది, ఎక్కడ ఆగింది, ఎవరి సాయం కావాలి, ఇవి చెప్తే చాలు.

జవాబు (ఫ్రిస్కో నుంచి)

అన్నయ్యగారు ఆఫీసు సంగతి బాగా చెప్పారు. నేను మిగిలినవి చెప్తాను. రెయిన్ చెక్ అంటే మీతో లంచ్ ఇష్టం లేదని కాదండీ. వాన వల్ల బేస్‌బాల్ ఆట ఆగిపోతే మరో రోజు ఆట చూడడానికి ఇచ్చే చీటీ అది. ఇవాళ కుదరదు, ఇంకోసారి వెళ్దాం అని ఆవిడ మర్యాదగా చెప్పారు. వచ్చే వారం మళ్లీ పిలవండి.

హోటల్లో తిన్నాక 'చెక్, ప్లీజ్' అంటే బిల్లు తెస్తారు. ఫారాల్లో 'చెక్ ది బాక్స్' అంటే టిక్కు పెట్టమని. 'చెక్ అవుట్' మాత్రం జాగ్రత్తగా వాడండి. లైబ్రరీ పుస్తకం తీసుకోవడానికి, కొత్త రెస్టారెంటు ఎలా ఉందో చూడడానికి బాగానే ఉంటుంది. మనిషి గురించి అంటే, ముఖ్యంగా ఆడవాళ్ల గురించి, ఎగాదిగా చూశారనే అర్థం వస్తుంది.

బ్యాక్‌గ్రౌండ్ చెక్ (మీరు చెప్పిన చదువు, పాత ఉద్యోగాల వివరాలు నిజమేనా అని చూడడం) అడిగితే మన ఇంటిపేర్ల గొడవ గుర్తుపెట్టుకోండి. ఊళ్లో ఇంటిపేరు ముందు రాస్తాం, సర్టిఫికెట్లలో ఒక్క అక్షరంగా కుదించేస్తాం. పాస్‌పోర్టులో గివెన్ నేమ్ ఖాళీగా ఉంటే వీసా మీద ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదని) అని పడుతుంది. అన్ని ఫారాల్లోనూ పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి, డిగ్రీ మీద పేరు వేరుగా ఉంటే ముందే చెప్పేయండి. ఐ-94 (మీరు అమెరికాలోకి వచ్చిన తేదీ, ఎప్పటిదాకా ఉండవచ్చో చెప్పే రికార్డు) కూడా ఆన్‌లైన్‌లో తీసి, పేరూ తేదీలూ సరిచూసుకోండి.

మళ్లీ ఇర్వింగ్ నుంచి

ఇద్దరికీ చాలా థాంక్స్. ఇంకో సందేహం. రూమ్మేట్ కోసం ప్రకటన పెడితే ఒకతను మెయిల్ చేశాడు. అద్దె కన్నా ఎక్కువ మొత్తానికి క్యాషియర్స్ చెక్ పంపిస్తాడట. అది డిపాజిట్ చేసి, మిగిలిన డబ్బు సామాను తెచ్చేవాళ్లకి జెల్‌లో (ఫోన్‌లోంచి బ్యాంకు ఖాతాకి వెంటనే డబ్బు పంపే సేవ) పంపమంటున్నాడు. ఖాతాలో డబ్బు పడ్డాకే పంపితే పర్వాలేదు కదా?

జవాబు (ప్లేనో నుంచి)

వద్దు తమ్ముడూ, అది మోసం. క్యాషియర్స్ చెక్‌నీ దొంగగా అచ్చు వేస్తారు. ఇక్కడ 'అవైలబుల్', 'క్లియర్' ఒకటి కావు. చట్టం ప్రకారం బ్యాంకు త్వరగానే డబ్బుని నీ ఖాతాలో అవైలబుల్‌గా చూపిస్తుంది. ఆ చెక్కు దొంగదని తేలడానికి వారాలు పట్టవచ్చు. తేలిన రోజు ఆ మొత్తం నీ ఖాతాలోంచి తీసేస్తారు, నువ్వు జెల్‌లో పంపింది తిరిగి రావడం కష్టం. ఎవరైనా ఎక్కువ డబ్బుకి చెక్కిచ్చి మిగిలింది వెనక్కి పంపమంటే ఇదే కథ. అతనికి జవాబివ్వకు. చెక్కు వచ్చినా డిపాజిట్ చేయకు, బ్యాంకుకి తీసుకెళ్లి చూపించు, మెయిల్‌ని ఎఫ్‌టీసీ (ఇలాంటి మోసాల ఫిర్యాదులు తీసుకునే ప్రభుత్వ సంస్థ) సైట్‌లో రిపోర్ట్ చెయ్యి. ఇప్పటికే ఖాతా నంబరు ఇచ్చి ఉంటే మాత్రం ఈరోజే బ్యాంకుకి ఫోన్ చెయ్యి.