సముద్రం నుంచి మౌంట్ సై దాకా: జూలై యాత్రకు స్వచ్ఛంద సేవకుల చర్చ

సమన్వయకర్త:

అందరికీ నమస్కారం. కార్యవర్గ సమావేశంలో అనుకున్న మాట ఇక పనిలోకి రావాలి. జూలై మూడో శనివారం మన సంఘం నుంచి ముప్పై మంది తెల్లవారుజామున సియాటిల్‌లోని గోల్డెన్ గార్డెన్స్ ఒడ్డున సముద్రపు నీళ్లలో చెయ్యి ముంచి బయలుదేరుతారు. సాయంత్రానికి మౌంట్ సై ఎక్కి దిగుతారు. మధ్యలో ఏ ఇంజనూ మనిషిని మోయకూడదు.

దారి ఇది. గోల్డెన్ గార్డెన్స్ నుంచి బర్క్–గిల్మన్ ట్రైల్ (సైకిళ్లు, నడకకు వేసిన బాట) మీద సైకిలు తొక్కుతూ బోతెల్, అక్కడి నుంచి సమామిష్ నది ట్రైల్ మీద రెడ్‌మండ్‌లోని మేరీమూర్ పార్కు. ఇది సుమారు 30 మైళ్లు. దగ్గరలోని ఐడిల్‌వుడ్ పార్కులో కయాక్ (సన్నటి తెడ్డు పడవ) ఎక్కి సమామిష్ సరస్సును ఉత్తరం నుంచి దక్షిణానికి, దాదాపు 6 మైళ్లు, దాటాలి. ఇస్సక్వా ఒడ్డున మళ్లీ సైకిలు. ప్రెస్టన్, ఫాల్ సిటీ, స్నోక్వాల్మీ జలపాతం, నార్త్ బెండ్ మీదుగా కొండ మొదలు దాకా 20 మైళ్లకు కొంచెం పైన. ఆ తర్వాత కాలిబాట. వెళ్లడానికి 4 మైళ్లు, రావడానికి 4. ఆ నాలుగు మైళ్లలో 3,150 అడుగులు ఎక్కాలి.

మన పిల్లలు ఈ కొండను బడి బస్సులోంచి చూస్తూ పెరుగుతున్నారు. వాళ్ల అమ్మానాన్నలు ఇంటి దగ్గరి సముద్రం నుంచి ఆ కొండ దాకా తమ ఒంటి బలంతో వెళ్లడం వాళ్లు కళ్లారా చూడాలని నా కోరిక.

అనుమతుల పని ఇప్పుడే మొదలుపెట్టాలి, ఎందుకంటే మనం ఒక్కరి నేల మీద నడవడం లేదు. గోల్డెన్ గార్డెన్స్ సియాటిల్ నగరానిది. మేరీమూర్, నది ట్రైల్ కింగ్ కౌంటీవి. ఐడిల్‌వుడ్ రెడ్‌మండ్ నగరానిది. సరస్సు దక్షిణపు ఒడ్డు రాష్ట్ర పార్కుల శాఖది. కొండ రాష్ట్ర సహజ వనరుల శాఖది. అయిదు చోట్లకూ విడివిడిగా రాయాలి. ఉత్తరాలు బాగా రాయగలిగినవాళ్లు ఇద్దరు ముందుకు రండి.

సైకిళ్ల బాధ్యుడు:

అన్నయ్యా, ఉత్తరాల్లో ఒకరిగా నన్ను వేసుకోండి. దారి గురించి కొన్ని మాటలు చెప్పాలి. సియాటిల్‌లోని బాలర్డ్ పేటలో బర్క్–గిల్మన్ ట్రైల్ మధ్యలో తెగి ఉంటుంది. ఆ ముక్కలో రోడ్డు మీదే వెళ్లాలి. బాలర్డ్ వంతెన కింద రైలు పట్టాలు రోడ్డును ఏటవాలుగా దాటుతాయి. సన్నటి చక్రం ఆ సందులో పడిందంటే మనిషి నేల మీద ఉంటాడు. ఎన్నో ఏళ్లుగా సైకిలిస్టులు అక్కడ పడుతూనే ఉన్నారు. ఉదయం మంచుకు పట్టాలు తడిగా ఉంటే ఇంకా ప్రమాదం. అక్కడ ఇద్దరు సేవకులు నిలబడి అందరినీ దింపి నడిపించాలి. ఈ ఒక్క చోట మాత్రం ‘నాకు అలవాటే’ అన్నవారి మాట కూడా వినవద్దు.

కౌంటీ ట్రైళ్ల మీద వేగం గంటకు 15 మైళ్లు దాటకూడదు. శనివారం ఉదయం తోపుడు బళ్లలో పసిపిల్లలతో వచ్చేవాళ్లు ఉంటారు, అంతకన్నా నెమ్మదిగానే వెళదాం. కింగ్ కౌంటీలో హెల్మెట్ తప్పనిసరి అన్న నిబంధనను 2022లో ఎత్తేశారు. మన యాత్రలో మాత్రం అది తప్పనిసరి అని పత్రంలో రాయండి. ఇస్సక్వా నుంచి ప్రెస్టన్ వెళ్లే ట్రైల్ కంకర దారి కాబట్టి సన్న టైర్లు వద్దు.

ఒక ప్రశ్న మిగిలింది. మనిషి కయాక్‌లో ఉండగా అతని సైకిలు ఇస్సక్వాకు ఎలా వస్తుంది? ట్రక్కులో వేస్తే ‘ఇంజను లేకుండా’ అన్నమాట నిలుస్తుందా?

పడవల బాధ్యురాలు:

నిలుస్తుంది తమ్ముడూ. ఇంజను మోయకూడనిది మనిషిని. అయితే దీనికి ఇంకో మంచి దారి ఉంది. ఇద్దరు జంటగా ఏర్పడి దారిని పంచుకుంటే, ఒకరు తెడ్డు వేస్తుంటే రెండోవారు అదే సైకిలు మీద తూర్పు ఒడ్డు ట్రైల్‌లో 11 మైళ్లు తొక్కి ఇస్సక్వా చేరవచ్చు. అక్కడ సైకిలు చేతులు మారుతుంది. ఒంటరిగా అన్నీ చేసేవాళ్ల సైకిళ్లకే ట్రక్కు. జంటలకు పేర్లు తెరిస్తే ఉద్యోగం, పసిపిల్లలు, మోకాళ్ల నొప్పుల వల్ల వెనకాడుతున్న మన ఆడవాళ్లు ఎంతోమంది వస్తారు. నాకు ఇప్పటికే ఆరుగురు చెప్పారు.

సరస్సు సంగతి. ఎండాకాలం శనివారం మధ్యాహ్నానికి అది మోటారు పడవలతో నిండిపోతుంది. ఆ అలలకు కొత్తవాళ్ల కయాక్ ఊగితే భయపడతారు. పన్నెండున్నరకల్లా అందరూ ఒడ్డెక్కాలి. అంటే పదికి ముందే నీళ్లలో దిగాలి. లైఫ్ జాకెట్ పడవలో ఉంటే చట్టానికి చాలు, పెద్దవాళ్లు తొడగనక్కరలేదు. నాకు చాలదు. తొడిగి, బకిల్ పెట్టి, భుజాల దగ్గర నేను పట్టి లాగి చూశాకే పడవ కదులుతుంది. ఈత వచ్చినవాళ్లకూ ఇదే నియమం.

వంట బృందం:

వదినా, మీరు చెప్పిన వేళలు చూసుకుని వండుతాం. ఇస్సక్వా ఒడ్డున పులిహోర, అరటిపండ్లు, ఉప్పు వేసిన మజ్జిగ. ముందు సైకిలు తొక్కి, తెడ్డు వేసి వచ్చినవాళ్లకు చెమటతో ఉప్పు పోతుంది, తీపి ఒక్కటే పెడితే కడుపు తిప్పుతుంది. జేబుల్లో పెట్టుకోవడానికి నువ్వుల ఉండలు, వేరుశనగ అచ్చులు చేస్తున్నాం. చాలామంది పెరుగన్నం అడిగారు. ఐసు పెట్టెలోంచి తీసిన గంటలోపు వడ్డించగలిగితేనే పెడతాం, లేకపోతే లేదు. ఎండలో నిలవున్న పెరుగన్నం తిని కొండ ఎక్కించే పాపం మాకొద్దు.

సమన్వయకర్త:

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన మాట. కొండ మీద ఎవరు ఎక్కడ ఉన్నా, సాయంత్రం 6 కాగానే వెనక్కి తిరగాలి. మధ్యాహ్నం 3.30 దాటాక ఎవరూ మౌంట్ సై బాట ఎక్కడం మొదలుపెట్టకూడదు. ఈ రెండింటికీ మినహాయింపు లేదు.

ఎందుకంటున్నానో చెబుతాను. నిరుడు ఆగస్టులో మేం ఐదుగురం ఇదే దారిని పరీక్షగా చేశాం. కొండ దగ్గరికి వచ్చేసరికి నాలుగున్నర. అప్పుడే ఆగాల్సింది. శిఖరం కింద రాళ్ల దగ్గర ఏడున్నర అయింది, ‘ఇంతదూరం వచ్చాం కదా’ అని నేనే అందరినీ పైకి నడిపించాను. దిగుతుండగా చీకటి పడింది. ఐదుగురికి రెండే హెడ్‌ల్యాంపులు. బాట మధ్యలో వచ్చే స్నాగ్ ఫ్లాట్స్ అనే చోటుకు కొంచెం పైన చెట్ల వేళ్లు తట్టుకుని మాలో ఒకరి మడమ తిరిగింది. అక్కడి నుంచి కిందికి రెండు మైళ్ల లోపే, అయినా అతన్ని భుజాల మీద ఆనించుకుని దింపడానికి మూడు గంటలు పట్టింది. కింద అతని భార్య కారులో కూర్చుని ఉంది. ఆమె ముఖం నేను మరచిపోలేదు.

జూలై మధ్యలో ఇక్కడ సూర్యాస్తమయం తొమ్మిది ప్రాంతంలో, కానీ చెట్ల కింద అంతకు ముందే మసకబారుతుంది. ఆరింటికి తిరిగితే వెలుగుండగానే కిందికి వస్తాం.

సైకిళ్ల బాధ్యుడు:

అన్నయ్యా, మీ బాధ అర్థమైంది. కానీ నాలుగు నెలలు సాధన చేసి, శిఖరానికి ఇరవై నిమిషాల దూరంలో ఉన్న మనిషిని తిప్పి పంపడం ఎలా? ఆ మనిషి మళ్లీ మన కార్యక్రమానికి వస్తాడా?

సమన్వయకర్త:

వస్తాడు, తిప్పి పంపడాన్ని మనం ఓటమిగా చూపకపోతే. నా ప్రతిపాదన ఇది. ఎవరికీ సమయాలు ప్రకటించం, స్థానాలు ఇవ్వం. 3.30 తర్వాత వచ్చినవాళ్లకు పక్కనే లిటిల్ సై ఉంది, ఎత్తు 1,576 అడుగులు. దాని మీదికి నడుస్తారు. జ్ఞాపిక అందరికీ ఒకటే. శిఖరం అంటే బాట ముగిసే రాళ్ల దాకానే, ఆ పైన నిలువుగా కనిపించే హేస్టాక్ జోలికి ఎవరూ పోకూడదు. అక్కడ చేతులతో పాకాలి, మనుషులు పడిన చోటు అది.

వాతావరణం సంగతి కూడా. 2021 జూన్ 28న సియాటిల్‌లో 108 డిగ్రీల ఫారన్‌హీట్ ఎండ కాసింది. ఆగస్టు, సెప్టెంబరుల్లో అడవి మంటల పొగ భయం ఎక్కువని జూలై ఎంచుకున్నాం. అయినా ముందురోజు రాత్రి గాలి నాణ్యత సూచీ 100 దాటినా, ఎండ 95 డిగ్రీలు దాటుతుందన్నా, వాయిదా వేస్తాం.

ఒక తల్లి:

బడిపిల్లలు కూడా కొండ మొదట్లో ఉంటారు కదా, అక్కడ పులుల భయం ఉందని విన్నాను. నిజమేనా?

సమన్వయకర్త:

అమ్మా, అవి పులులు కావు, కూగర్‌లు అనే పెద్ద అడవి పిల్లులు. 2018 మే నెలలో నార్త్ బెండ్ దగ్గరి అడవిలో ఒక సైకిలిస్టు ప్రాణం పోయింది, అది నిజం. అలాంటిది చాలా చాలా అరుదు. పిల్లలను పార్కింగు దాటనివ్వం, పెద్దవాళ్లు కలిసే ఉంటారు. కనిపిస్తే పరుగెత్తకూడదు, ఎదురుగా నిలబడి గట్టిగా అరవాలి. ఈ మాట పిల్లలకు ముందే నేర్పుదాం.

ఒక పెద్దాయన:

నేను మా అబ్బాయి దగ్గరికి వచ్చి రెండు నెలలయింది. మీ మాటలన్నీ వాడి ఫోనులో చదివాను. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఏడుసార్లు ఎక్కినవాణ్ణి. అక్కడ దారి పొడుగునా నీళ్లు, నీడ, మనుషులు. ఈ కొండ మీద నీళ్లు దొరకవని మా అబ్బాయి చెప్పాడు. మీ కాగితంలో ఆ మాట లేదు బాబూ. ఒక్కొక్కరు ఎన్ని నీళ్లు మోయాలో రాయండి.

ఇంకొకటి. నేను బస్సు డిపోలో ముప్పై ఏళ్లు కంట్రోలరుగా చేశాను. ఏ బస్సు ఎన్నింటికి బయలుదేరింది, ఎన్నింటికి తిరిగొచ్చింది రాయడమే నా పని. మీకు కొండ మొదట్లో అలాంటి మనిషి ఎవరూ ఉన్నట్టు లేదు. మోకాళ్లు ఇప్పుడు ఎక్కనివ్వవు, కూర్చుని రాయగలను.

సమన్వయకర్త:

బాబాయిగారూ, ఇంతమందిమి రాసుకుని ఈ పని మరిచాం. మీకు పాదాభివందనం. నీళ్లు మనిషికి కనీసం రెండు లీటర్లు, పేరు నమోదు పత్రంలో ఈరోజే చేరుస్తాను. పేర్ల పుస్తకం మీదే. మీరు సంతకం పెట్టకుండా ఎవరూ బాట ఎక్కరు. 3.30 తర్వాత పుస్తకం మూసెయ్యండి, నేనే వచ్చి అడిగినా తెరవకండి.

పెద్దాయన:

తెరవను. గీతల పుస్తకం నేనే కొంటాను. ఒక మడత కుర్చీ, దోమల మందు ఇప్పించండి. తిరిగొచ్చినవాళ్ల సమయాలు అన్నీ పడేదాకా నేను అక్కడే ఉంటాను, నాకు భోజనం అక్కడికే పంపండి.

వంట బృందం:

రెండు పూటలా పంపుతాం మామయ్యగారూ. కారం తక్కువ వేయమంటే చెప్పండి.

పడవల బాధ్యురాలు:

వచ్చే శనివారం ఉదయం 8 గంటలకు ఐడిల్‌వుడ్‌లో పడవల సాధన. మారు బట్టలు తెచ్చుకోండి, మొదటి గంట కావాలనే బోల్తా పడి మళ్లీ ఎక్కడం నేర్చుకుంటాం. ఇప్పటికి పద్నాలుగు మంది వస్తామన్నారు. మిగతావాళ్లు గురువారం లోపు చెప్పండి, కయాక్‌లు అద్దెకు తీసుకోవాలి.