హెలిగన్ తోటలు (కార్న్‌వాల్): ఫొటోలకి ఏ టైమ్ బెటర్?

గోదారోడు_రీడింగ్
అమ్మానాన్న మేలో ఇండియా నుంచి వస్తున్నారండి, నాన్నకి మొక్కలంటే ప్రాణం కాబట్టి ఇంగ్లండ్ నైరుతి మూల కార్న్‌వాల్‌లో ఆ లాస్ట్ గార్డెన్స్ ఆఫ్ హెలిగన్ చూపిద్దాం అనుకుంటున్నా. ఎవరైనా వెళ్ళారా? అక్కడి పాత బంగ్లా లోపలికి రానిస్తారా, ఫొటోలకి ఎండలో వెళ్ళాలా మబ్బులోనా, నా దగ్గర 24-70 లెన్స్ ఒక్కటే ఉంది, సరిపోద్దా? నాన్నకి మోకాళ్ళ నొప్పులు, అదొకటి.

కెమెరా_పిచ్చి
పోయినం అన్నా. బంగ్లా సంగతి మర్చిపో, ఎప్పుడో ఫ్లాట్లు చేసిన్రు, అండ్ల జనాలు ఉంటున్నరు. చూసేదంతా తోటనే. ట్రెమేన్ అని పాత జమీందార్లది, మొదటి ప్రపంచ యుద్ధానికి తోటమాలులు పోయినంక చూసేటోళ్ళు లేక తుప్పలు పెరిగి మొత్తం మూసుకపోయింది, 1990ల నుంచి టిమ్ స్మిట్ వాళ్ళు నరుక్కుంట పోయి మళ్ళ లేపిన్రు. దగ్గర్లనే ఉన్న ఈడెన్ ప్రాజెక్ట్, అదే పెద్ద పెద్ద గుమ్మటాల కింద మొక్కలు పెంచే తోట, అది కూడా ఈయన మొదలుపెట్టిందే. ఫొటోలకైతే ఎండ కోసం చూడకు. మడ్ మెయిడ్ అని మట్టి, మొక్కలతోని చేసిన ఆడమనిషి బొమ్మ చెట్ల కింద పండుకొని ఉంటది, ఎండ పడితే ముఖమంత తెల్ల మచ్చలే, అదే ముసురుల పచ్చగ మెరుస్తది. నీ లెన్స్ చాలు, పోలరైజర్ (ఆకుల మీది మెరుపు తగ్గించే ఫిల్టర్) ఉంటే పట్కపో.

పెరటి_మొక్కలు
తోటలో జంగిల్ అని లోయలో ఉండే భాగం వైపు దిగేముందు ఆలోచించండి, దిగడం తేలికే గానీ ఎక్కేటప్పుడు మోకాళ్ళు పట్టేస్తాయి. పైన కూరగాయల తోటలో వదిలేస్తే మీ నాన్నగారు సాయంత్రం దాకా కదలరు, మా మావయ్యగారు అంతే చేశారు. పైనాపిల్ గుంట తప్పకుండా చూపించండి, పక్కన కందకాల్లో గుర్రపు లద్దె నింపి అది మాగేటప్పుడు పుట్టే వేడితో ఆ చలి దేశంలో పైనాపిల్ పండించారు! మొదటి కాయ తామే తిని చూసి, లద్దె వాసన లేదని నమ్మకం కుదిరాక 1997లో రెండోది ఎలిజబెత్ రాణిగారికి పంపారంట 😄

ఎండ వద్దంటే మాత్రం నేను ఒప్పుకోను, ఆ మడులు, గ్లాస్‌హౌస్‌లు మబ్బులో చప్పగా వస్తాయి. ఇంకోటి, తోటమాలుల మరుగుదొడ్డి గోడ మీద 1914 ఆగస్టులో వాళ్ళు రాసుకున్న పేర్లున్నాయి, వాళ్ళలో చాలామంది యుద్ధం నుంచి తిరిగి రాలేదు. చిన్న గది, జనం లేనప్పుడు వెళ్ళండి.

కెమెరా_పిచ్చి
మడుల కాడ ఎండ ఓకే అక్కా, నేనన్నది చెట్ల కింద సంగతి. గేటు తెరవంగనే సీదా మడ్ మెయిడ్ కాడికే పో అన్నా, తర్వాత పిల్లలు ముంగట నిలబడి జరగరు. రైల్ల పోతే సెయింట్ ఆస్టెల్ దిగాలె.

గోదారోడు_రీడింగ్
కారులోనే అండీ, అయిదు గంటలు పట్టేలా ఉంది కాబట్టి ముందురోజే వెళ్ళి పక్కనున్న మెవగిస్సీ ఊళ్ళో దిగుతాం. అక్కడ వెజ్ ఏమైనా దొరుకుద్దా?

పెరటి_మొక్కలు
చేపల రేవు కదండీ, చిప్స్ దొరుకుతాయి. పులిహోర కట్టుకెళ్ళండి.