రాక్‌పోర్ట్ దగ్గర రెడ్‌ఫిష్: ఏప్రిల్‌లో కంటితో చూసి పట్టాలంటే?

గాలంబాబు: వచ్చే వారం హ్యూస్టన్ నుంచి టెక్సస్ తీరంలోని రాక్‌పోర్ట్ వెళ్తున్నాం. మోకాలి లోతు నీళ్లలో రెడ్‌ఫిష్‌ని చూసి మరీ గాలం వేయాలని ఎప్పటి నుంచో కోరిక. కళ్లద్దాలు ఏ రంగు? ఎర ఏది? గాలి ఎక్కువైతే దండగేనా?

కయాక్‌కిరణ్: రాగి రంగు పోలరైజ్డ్ అద్దాలు, అంటే నీళ్ల మీది మెరుపు తగ్గించేవి. ఎండ మీ వీపు మీద పడేలా నడవండి. చేప మొత్తం కనపడాలని చూడకండి, తోక మొదట్లో నల్ల చుక్క చాలు. నీలం అంచు తోక నీళ్లపైకి లేచిందంటే అది తల కిందికి పెట్టి పీతల కోసం వెతుకుతున్నట్టే. ఎర నెత్తిన పడితే పరారు. అది వెళ్లే దారిలో రెండు మూడు అడుగులు ముందుకు, కాస్త అవతలికి వేసి మెల్లగా లాగాలి.

బేబోట్: అంత నడకెందుకు? ఒడ్డు వెంట బోటు స్పీడుగా పోనిస్తే చేపలు అవే కదులుతాయి. అక్కడ ఆపి వేయడమే.

తీరంవాసి: దయచేసి కొత్తవాళ్లకి ఇలాంటివి చెప్పకండి. ప్రొపెల్లర్ గీసిన గాట్లలో సముద్రపు గడ్డి మళ్లీ మొలవడానికి ఏళ్లు పడుతుంది. టెక్సస్‌లో 2013 నుంచి అది నేరం కూడా.

బేబోట్: నా బోటు ఆరంగుళాల నీళ్లలో పోతుంది. గడ్డికి తగలదు. నాకు చట్టం నేర్పొద్దు.

తీరంవాసి: పోవడం వేరు, ఆగి మళ్లీ వేగం అందుకోవడం వేరు. అలా అందుకునేటప్పుడు వెనక భాగం దిగబడి మట్టిని తవ్వేస్తుంది. ఆపి వేయమన్నది మీరేగా? పైగా ఎంతో ఓపికగా నడిచి చేప దగ్గరికి చేరిన వాళ్ల ముందు నుంచి తోలుకుపోతారు. నిరుడు నాకు ఇదే జరిగింది, ఇప్పటికీ మండుతోంది.

ఉప్పాడపెద్దాయన: గొడవలు ఆపండయ్యా. మాది తాతల నాటి నుంచి వేట. పోటుకి చేప గడ్డిలోకి ఎక్కుతుంది, ఆటుకి కాలువ నోటికి దిగుతుంది. ఎక్కడైనా ఇదే లెక్క. అద్దాలూ గిద్దాలూ తర్వాత.

కయాక్‌కిరణ్: బాబాయ్ గారూ, మీ అనుభవం మీద గౌరవం ఉంది. కానీ ఇక్కడి బేలలో (నేలలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు నీళ్లలో) పోటు అడుగు కూడా ఉండదు. నీళ్లని ఎక్కించేదీ దించేదీ ఎక్కువగా గాలే. వసంతంలో ఆగ్నేయం గాలి రోజుల తరబడి కొడుతుంది. గాలి చాటున్న ఒడ్డు వెతుక్కుంటేనే నీళ్లు తేటగా ఉంటాయి.

ఉప్పాడపెద్దాయన: గాలి సంగతి నాకు చెప్తావా? తెరచాప మీద బతికినోళ్లం.

పులుసుప్రియ: పట్టాక సంగతి ఎవరూ చెప్పరేం? 20 నుంచి 28 అంగుళాల మధ్యవి, మనిషికి రోజుకి మూడు. అంతకంటే పెద్దది ఉంచుకోవాలంటే లైసెన్స్‌తో వచ్చే ట్యాగ్ కట్టాలి. నన్నడిగితే పెద్దవాటిని వదిలేయండి, గుడ్లు పెట్టేవి అవే. 1981లో అమ్మకం నిషేధించబట్టే ఇవాళ మనకి ఇన్ని దొరుకుతున్నాయి. పులుసుకి చిన్నవే రుచి.

బేబోట్: పెద్దది కూడా బాగుంటుంది, వండటం రావాలి.

గాలంబాబు: ఎర ఎవరూ చెప్పలేదు. పదేళ్ల బాబు కూడా వస్తున్నాడు, వాడికి లైసెన్స్ కావాలా?

పులుసుప్రియ: 17 లోపు వాళ్లకి అక్కర్లేదు. బాబుని పాదాలు ఎత్తకుండా ఈడుస్తూ నడవమనండి, ఇసుకలో ముల్లుతోక టేకు చేపలుంటాయి.