ట్రయాంగిల్ ఫ్యాక్టరీ మంటలు, 1911: 146 మందిని చంపింది తాళమా, చట్టమా?

పాతకాగితం
1911 మార్చి 25, శనివారం, పని వదిలే వేళ. న్యూయార్క్‌లో ఆష్ బిల్డింగ్ పై మూడంతస్తుల్లో ఉన్న ట్రయాంగిల్ బ్లౌజుల ఫ్యాక్టరీ తగలబడి 146 మంది పోయారు. ఎక్కువమంది యూదు, ఇటాలియన్ వలస కుటుంబాల ఆడపిల్లలు. "తలుపుకి తాళం వేశారు, అందుకే చచ్చిపోయారు" అని ఎక్కడ చూసినా ఒకటే మాట. తాళం తీసి ఉన్నా చాలామంది బతికేవాళ్లు కాదని నా వాదన. 150 అడుగులు దాటిన భవనాల్లోనే నేలకీ కిటికీలకీ చెక్క వాడకూడదని నిబంధన. ఇది 135 అడుగులే. మూడు మెట్లదారులు ఉండాల్సిన చోట రెండే ఉన్నాయి. వెనకవైపు ఇనప మెట్లని మూడోదిగా లెక్కేసి సరిపెట్టారు. లోపలి మెట్ల వెడల్పు 33 అంగుళాలు, ఇద్దరు పక్కపక్కన దిగలేరు. స్ప్రింక్లర్లు (మంటొస్తే పైకప్పు నుంచి వాటంతటవే నీళ్లు చిమ్మేవి) పెట్టి తీరాలన్న రూలే లేదు. అంతా తాళం మీదికి నెట్టేస్తే, దీన్నంతా ఒప్పుకున్న చట్టం తప్పించుకుంటుంది.

కుట్టుమిషను
తాళం తీస్తే ఏమయ్యేదో ఊహించక్కర్లేదండీ, ఎనిమిదో అంతస్తులో జరిగిందే చూడండి. (అమెరికా లెక్క సుమా, నేల అంతస్తే ఒకటి.) మంట పుట్టింది అక్కడే, కత్తిరింపు బల్ల కింద గుడ్డపీలికల డబ్బాలో. ఆ పీలికలు చివరిసారి ఎత్తింది జనవరిలో. బల్లల పైన తీగలకి పల్చటి కాగితం నమూనాలు వేలాడుతున్నాయి. మెట్ల దగ్గర గొట్టం విప్పితే నీళ్లు రాలేదు. వాషింగ్టన్ ప్లేస్ వీధి వైపు తలుపు లోపలికి తెరుచుకునేది. జనం దానికి అతుక్కుపోయి ఉంటే మిషన్ల మెకానిక్ లూయిస్ బ్రౌన్ వాళ్లని వెనక్కి నెట్టి, తాళంలోనే ఉన్న చెవి తిప్పి తెరిచాడు. ఆ అంతస్తువాళ్లు దాదాపు అందరూ బయటపడ్డారు.

ఒక్క అంతస్తు పైన, తొమ్మిదో అంతస్తులో, అవే మెట్లు, అదే 33 అంగుళాలు. లేనిది తాళంచెవి. పని వేళల్లో తలుపులకి తాళం వేయకూడదని కార్మిక చట్టంలో అప్పటికే ఉంది. మరి అంతా చట్టం ఒప్పుకుందని ఎలా అంటారు?

పాతకాగితం
చెవి ఒక్కటే కాదు, టైము కూడా లేదు. ఎనిమిదిలో మంటని చిన్నగా ఉన్నప్పుడే చూశారు. వాళ్లు పదో అంతస్తుకి ఫోన్ చేశారు, అక్కడ యజమానుల ఆఫీసు ఉంది. అక్కడివాళ్లు కప్పు మీదికి పోయి బతికారు. తొమ్మిదికి కాల్ వెళ్లాలంటే పదిలోని స్విచ్‌బోర్డు మీదుగానే వెళ్లాలి, అక్కడ ఆపరేటర్ కుర్చీ వదిలి లేచింది. మంట కిటికీల్లోంచి లోపలికొచ్చేదాకా తొమ్మిదికి కబురు లేదు. అక్కడ ఎనిమిది వరసల్లో 240 కుట్టుమిషన్లు, వాటి మధ్య కుర్చీలు, గుడ్డల బుట్టలు. ఒక్కసారిగా లేస్తే కదలడానికే దారి లేదు.

నీళ్లగొట్టం
ఇద్దరూ ఇన్సూరెన్సు ఊసెత్తలేదు. స్ప్రింక్లర్ అప్పటికి కొత్త వస్తువేం కాదు. పైకప్పు వెంట నీళ్ల పైపు, దానికి వరసగా మూతులు, ఒక్కో మూతికీ మెత్తటి లోహపు అతుకు. సుమారు 70 డిగ్రీల దగ్గర అతుకు కరిగి నీళ్లు చిమ్ముతాయి, మనిషి ముట్టుకోనక్కర్లేదు. అమెరికా ఈశాన్య మూలనున్న న్యూ ఇంగ్లండ్ నూలుమిల్లుల్లో 1880ల నుంచే ఉన్నాయి. అక్కడ మిల్లు యజమానులే కలిసి పెట్టుకున్న బీమా సంస్థలు, కాబట్టి స్ప్రింక్లర్ ఉంటే ప్రీమియం తగ్గేది. న్యూయార్క్‌లో ఏజెంటుకి కమిషన్ ప్రీమియం మీద. ప్రమాదం ఎంత ఎక్కువుంటే వాడి జేబులోకి అంత వస్తుంది, ఇక తగ్గించమని ఎందుకు చెప్తాడు?

ఫైరింజను నిచ్చెన ఆరో అంతస్తు దగ్గరే ఆగింది. వెనక ఇనప మెట్లు నేల దాకా లేవు, జనంతో సహా విరిగి పడ్డాయి. లెక్క తేలాక బీమా సొమ్ము యజమానులకి, నిరూపించిన నష్టం కంటే సుమారు 60,000 డాలర్లు ఎక్కువగా. దావాలు వేసిన కుటుంబాలకి 1914లో ప్రాణానికి 75 డాలర్లు.

కుట్టుమిషను
బీమా మాట నిజమే, కానీ కోర్టులో తేలిందేమిటో చూడండి. బూడిదలో దొరికిన తొమ్మిదో అంతస్తు తలుపు తాళం గడియ బయటికి పొడుచుకునే ఉంది. 1911 డిసెంబరు విచారణలో దాన్ని చూపించారు కూడా. ఆ క్షణాన తలుపుకి తాళం ఉందని యజమానులకి తెలుసని రుజువు కావాలని జడ్జి జ్యూరీకి చెప్పాడు. యజమానులు బ్లాంక్, హారిస్ ఇద్దరూ నిర్దోషులుగా విడుదల. తాళం ఎందుకంటే, వెళ్లేటప్పుడు సంచులు వెతకడానికి. ఆ దొంగతనాల విలువ 25 డాలర్లకు మించదని హారిసే ఒప్పుకున్నాడు!

పాతకాగితం
తాళం విషయంలో వాళ్లని నేను వెనకేసుకు రావడం లేదు. కానీ తర్వాత న్యూయార్క్ రాష్ట్ర చట్టసభ నాయకులు వాగ్నర్, ఆల్ స్మిత్ నడిపిన విచారణ కమిషన్ చట్టాలు చూడండి. తాళం అందులో ఒక ముక్క. మిగతావి అగ్నిమాపక డ్రిల్లు, పీలికలకి కాలని డబ్బాలు, పై అంతస్తుల్లో ఎక్కువమంది పనిచేసే ఎత్తయిన ఫ్యాక్టరీలకి స్ప్రింక్లర్లు, మెట్ల వెడల్పును బట్టి ఆ అంతస్తులో ఎంతమంది ఉండొచ్చో లెక్క. తాళమే సర్వస్వమైతే ఇన్నెందుకు?

కుట్టుమిషను
1913లో బ్లాంక్ మళ్లీ పనివేళల్లో ఫ్యాక్టరీ తలుపుకి తాళం వేసి దొరికాడు, కమిషన్ పని మొదలైన రెండేళ్లకి. జరిమానా 20 డాలర్లు, చట్టంలో ఉన్న అతి తక్కువ మొత్తం.